ల్యాప్‌టాప్‌లో గేమ్ హఠాత్తుగా నత్తనడక: నా విషయంలో దోషం ఛార్జర్‌ది

వాలరెంట్ గేమ్‌లో 120 దాకా వచ్చే ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెరపై మారే ఫ్రేముల సంఖ్య) ఒక్క రాత్రిలో 25కి పడిపోయింది. డ్రైవర్ మార్చా, వైరస్ స్కాన్ చేశా, ప్రాసెసర్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ మార్పించా, విండోస్ కొత్తగా వేశా. డబ్బు, ఆదివారం రెండూ దండగ.

అసలు ఆచూకీ టాస్క్ మేనేజర్‌లో దొరికింది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో చూస్తే, గేమ్ నడుస్తున్నా సీపీయూ స్పీడ్ 0.79 గిగాహెర్ట్జ్ దగ్గర కదలకుండా ఉంది. వేడి 50 డిగ్రీలు కూడా లేదు. అనుమానంతో ఛార్జర్ పీకేశా. వెంటనే స్పీడ్ 3 దాటింది! ఛార్జర్ పెట్టి ఉంచినా బ్యాటరీ ఎక్కడం లేదన్న సంగతి కూడా అప్పుడే గమనించా.

రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి (విండోస్ మొదలయ్యే ముందు తెరుచుకునే సెట్టింగ్స్) వెళ్తే అడాప్టర్ రకం ‘అన్‌నోన్’ అని ఉంది. ప్లగ్ మధ్యలో సన్నటి పిన్ ఒకటి ఉంటుంది. ఛార్జర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కి చెప్పేది అదే. నాది వంగిపోయింది. వాట్లు తెలియక ల్యాప్‌టాప్ తనంతట తాను స్పీడ్ తగ్గించుకుంది. గోడ ప్లగ్ తీసేసి, ట్వీజర్‌తో పిన్ సరిచేస్తే ఒక పూట పనిచేసింది, మళ్లీ మామూలే. చివరికి అదే కంపెనీ ఒరిజినల్ 180 వాట్ల ఛార్జర్ కొన్నా. బయోస్ గుర్తుపట్టింది, ఎఫ్‌పీఎస్ తిరిగొచ్చింది.

సీపీయూ స్పీడ్ సెట్టింగ్స్ మార్చే థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘బీడీ ప్రోక్‌హాట్’ (స్పీడ్ తగ్గించుకోమని సీపీయూకి వచ్చే సిగ్నల్) టిక్ తీసేయమని ఒక స్నేహితుడు చెప్పాడు. అది రక్షణ కోసం పెట్టినది, నాకు ధైర్యం చాలలేదు.

అన్ని ల్యాప్‌టాప్‌లకూ ఈ పిన్ ఉండదు. మీ దాంట్లో వేడి 95 దాటుతుంటే ముందు ఫ్యాన్ సంగతి చూడండి. ఛార్జర్ పీకినా స్పీడ్ పెరగకపోతే మాత్రం మీ సమస్య బహుశా వేరే.