దారం లేకుండా కంట్లో లెన్స్ నిలబెట్టడం - 4వ పాఠం: యమానే పద్ధతి

పోయిన పాఠంలో 10-0 ప్రోలీన్ అనే సన్నటి సర్జరీ దారంతో కృత్రిమ లెన్స్‌ని స్క్లీరాకి (కంటి తెల్లటి గోడకి) కుట్టడం చూశాం కదా, ఆ దారం కొన్నేళ్లకి తెగిపోయి లెన్స్ జారిపోవచ్చని కూడా చెప్పుకున్నాం. ఈసారి దారమే ఉండదు. జపాన్ సర్జన్ షిన్ యమానే 2017లో ప్రచురించిన పద్ధతి ఇది, త్రీ పీస్ లెన్స్‌కి (మధ్య లెన్స్, రెండు చేతులు కలిపి మూడు ముక్కలు) ఉండే రెండు హాప్టిక్స్‌నే, అంటే ఆ సన్నటి చేతుల్నే, స్క్లీరాలోంచి బయటికి లాగి, కొసలు వేడికి కరిగించి గుండుసూది తలలా చేసి మళ్లీ లోపలికి నెట్టేస్తాం, అంతే. చెన్నైలో అమర్ అగర్వాల్ 2007లో మొదలుపెట్టిన గ్లూడ్ ఐఓఎల్‌కైతే (జిగురు సాయంతో కృత్రిమ లెన్స్ నిలబెట్టే పద్ధతి) స్క్లీరా ఫ్లాపులు (పలచటి రెక్కలు) లేపాలి, ఫిబ్రిన్ గ్లూ అనే జిగురు కావాలి, ఇక్కడ కంజంక్టైవా (తెల్లగుడ్డు మీది పలచటి పొర) కూడా కోయక్కర్లేదు.

వీడియోలో చూస్తే చాలా ఈజీగా ఉంటుంది, కానీ ఆపరేషన్ బాగా రావడం పాడవడం దాదాపు రెండు సూదిపోట్ల దగ్గరే తేలిపోతుంది.

ముందు విట్రస్ (కంటి లోపలి జెల్లీ) శుభ్రంగా తీసేయండి, ఇన్ఫ్యూజన్ (కంట్లోకి ద్రవం పంపే గొట్టం) పెట్టి కన్ను గట్టిగా ఉంచండి, మెత్తబడ్డ కంట్లో సూది మన మాట వినదు. తర్వాత మార్కింగ్. ఎదురెదురుగా సరిగ్గా 180 డిగ్రీలు, లింబస్ (నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచు) నుంచి 2 మిల్లీమీటర్లు, కంటి అంచనా వద్దు, కాలిపర్ పెట్టి కొలవండి. 30 గేజ్ థిన్ వాల్ సూదిని (గోడ పలచగా, లోపలి రంధ్రం వెడల్పుగా ఉండేది, మామూలు 30 గేజ్‌లో హాప్టిక్ దూరదు) నిటారుగా గుచ్చకుండా, లింబస్ పక్కనే నడిచినట్టు ఏటవాలుగా స్క్లీరాలో 2 మిల్లీమీటర్లు పోనిచ్చి అప్పుడు కంట్లోకి దించాలి. రెండోవైపు కూడా అదే దూరం, అదే వాలు, అదే పొడవు. నా మొదటి కేసుల్లో ఒకదాంట్లో రెండో సూది కొంచెం నిటారుగా పోయింది, లెన్స్ ఒరిగిపోయి పేషెంట్‌కి ఆస్టిగ్మాటిజం (చూపు మసకబారే లోపం) మిగిలింది, ఆయన ముఖం నాకింకా గుర్తుంది.

ముందు హాప్టిక్‌ని ఫోర్సెప్స్‌తో మొదటి సూదిలోకి దూర్చి, సూదిని అలాగే ఉంచి, వెనక హాప్టిక్‌ని రెండో సూదిలోకి ఎక్కించి, రెండూ కలిపి బయటికి లాగాలి. ఇక్కడ తొందరపడితే హాప్టిక్ వంగిపోతుంది, పీఎంఎంఏ ప్లాస్టిక్ అయితే విరిగినా విరుగుతుంది, పీవీడీఎఫ్ అనే ఇంకో ప్లాస్టిక్ హాప్టిక్ ఉన్న లెన్స్ కాస్త ఓర్చుకుంటుంది.

కాటరీని (వేడితో కాల్చే పనిముట్టుని) కొసకి తాకించొద్దు, దగ్గరికి తెస్తే చాలు, దానంతటదే ముడుచుకుని 0.3 మిల్లీమీటర్ల తల వస్తుంది. ఆ తల స్క్లీరా లోపల కూర్చోవాలి, పైకి తేలి ఉంటే కొన్నాళ్లకి కంజంక్టైవాని తొలిచేస్తుంది, ఇన్ఫెక్షన్ లోపలికి పోవడానికి దారి దొరుకుతుంది.

ఈ వారం లెన్స్ జోలికి పోకండి. మేక కన్ను తెచ్చుకుని సూదిపోట్లు మాత్రమే ప్రాక్టీస్ చేయండి, ప్రతి జతకీ సూదులు రెండూ లోపలే ఉంచి కార్నియాలోంచి (కంటి ముందుండే పారదర్శక పొరలోంచి) చూడండి, వరసగా పది జతలు ఒకే వాలులో ఎదురెదురుగా వచ్చాకే హాప్టిక్ పట్టుకోండి.