పిల్లలకి మొదటి కోడింగ్ భాష ఏది?

పిల్లలకి కోడింగ్ నేర్పిద్దామనుకునే అమ్మానాన్నలకి ఒక చిట్కా. ఇంజనీరింగ్‌లో మనం సీ, జావాతో మొదలుపెట్టాం కదా అని వాళ్లనీ అక్కడే కూర్చోబెట్టకండి, ఒక సెమీకోలన్ మర్చిపోతే తప్పు ఉందంటూ వచ్చే ఎర్ర అక్షరాలు చూసి మూడో రోజుకే లేచిపోతారు.

ఎనిమిదేళ్లు దాటినవాళ్లకి స్క్రాచ్ అనే పిల్లల కోడింగ్ భాష పెట్టండి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో తయారైంది, పూర్తిగా ఉచితం, ఒకసారి కంప్యూటర్‌లో ఎక్కించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. టైప్ చేసే పని చాలా తక్కువ, రంగు రంగు ముక్కలు లాగి అతికించడమే: తెర మీద పచ్చజెండా నొక్కితే పిల్లి బొమ్మ పది అడుగులు వేయాలి, అంచు తగిలితే వెనక్కి తిరగాలి, అంతే, మొదటి ఆట తయారవుతుంది. ఇంకా చిన్నవాళ్లకైతే స్క్రాచ్ జూనియర్ ఉంది, చదవడం రాకపోయినా పర్వాలేదు.

ఇంగ్లీష్‌లో తడుముకోకుండా టైప్ చేయగలుగుతున్నారు, స్క్రాచ్‌లో ఇంకేదో కావాలంటున్నారు అనిపించినప్పుడు, టైప్ చేసి రాసే పైథాన్ భాషకి మార్చండి. వయసు కంటే ఇదే ముఖ్యం. పైథాన్‌తోపాటే టర్టిల్ అని ఒకటి వస్తుంది, 100 ముందుకి, 90 డిగ్రీలు కుడికి అని నాలుగుసార్లు చెప్తే తెర మీద చతురస్రం గీస్తుంది. ఆ 90ని 144 చేసి ఐదుసార్లు తిప్పమనండి, నక్షత్రం వస్తుంది. ఎందుకొచ్చిందో వెంటనే చెప్పేయకండి, కాగితం మీద వాళ్లనే గీసుకోనివ్వండి.

వేలకు వేలు ఫీజు కట్టే కోర్సులు తర్వాత చూసుకోవచ్చు, ముందు ఓ నెల ఇంట్లో ఇవి ఆడనివ్వండి.