గోదారికి వరద రాకముందే రికార్డు రూములో...

లంక మండలాల కోర్టు, పంచాయతీ ఆఫీసుల్లో రికార్డులు చూసే గుమాస్తాలకు.

మళ్లీ పుట్టించలేనివి ముందు పైకెక్కించండి: జనన మరణ రిజిస్టర్లు, కేసుల్లో దాఖలైన ఒరిజినల్ దస్తావేజులు. మామూలు ఫైలు పోతే నకళ్లతో మళ్లీ కట్టొచ్చు. తాతల నాటి వీలునామా నానిపోతే ఆ కుటుంబం హక్కే ఇరుకున పడుతుంది. పాపం, వాళ్లు మనల్ని నమ్మి ఇచ్చిన కాగితం అది.

ఏ కట్ట ఎక్కడికి మార్చారో అప్పుడే రాసి సంతకం పెట్టించండి. లేదంటే వాయిదా రోజు వెతుకులాట, టెన్షన్.

ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది. మొదటిదానికే కదలండి, తర్వాత మోసే మనుషులు దొరకరు.

తడిసిన పేజీలు ఎండలో పెట్టొద్దు, సిరా వెలిసిపోతుంది. మధ్యలో తెల్లకాగితాలు పెట్టి ఫ్యాను గాలికి ఆరనివ్వండి.