డెబ్బైల హార్డ్ రాక్‌లో మరుగున పడిన ఆల్బమ్‌లను వెతికి వినే పద్ధతి

నేను విజయనగరంలో వయొలిన్ నేర్చుకుంటున్న రోజుల్లో మా చిన్నాన్న ట్రంకు పెట్టెలో ఒక క్యాసెట్ దొరికింది. పేరు రాసిన కాగితం వెలిసిపోయింది. టేపును ప్లేయర్ తలకు అదిమి ఉంచే చిన్న గుడ్డ ముక్క కూడా ఊడిపోయింది. పాడైపోయిన ఇంకొక క్యాసెట్ నుంచి ఆ ముక్కను పట్టుకారుతో తీసి అతికించాక వినిపించిన సంగీతం ఎవరిదో తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. అది 1972లో వచ్చిన కెప్టెన్ బియాండ్ అనే బృందం మొదటి ఆల్బమ్. ఆ వెతుకులాటలో పట్టుబడిన పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను.

మరచిపోయిన ఆల్బమ్‌ను పాటల పేర్లతో వెతికితే దొరకదు, ఎందుకంటే ఆ పేర్లు మనకు తెలియవు. మనుషుల పేర్లు పట్టుకుని వెళ్లాలి. మీకు బాగా తెలిసిన ఒక ఆల్బమ్ అట్ట వెనుక చిన్న అక్షరాలలో ఉన్న పేర్లన్నీ, ముఖ్యంగా నిర్మాత పేరు, ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఇంగ్లండు బృందం బ్లాక్ సబ్బాత్ మొదటి మూడు ఆల్బమ్‌ల నిర్మాత రాజర్ బెయిన్. ఆయన పేరు వెంట నడిస్తే వేల్స్‌లోని కార్డిఫ్ నగరానికి చెందిన బడ్జీ అనే ముగ్గురు సభ్యుల బృందం ఎదురవుతుంది. వారి 1971 నాటి మొదటి ఆల్బమ్‌ను, మరుసటి ఏటి రెండవ ఆల్బమ్‌ను ఆయనే రికార్డు చేయించాడు. ఆ రెండింటిలోనూ గిటారు మోత ఎంత బరువుగా ఉంటుందో, గాయకుడు బర్క్ షెల్లీ గొంతు అంత సన్నగా, పైస్థాయిలో పలుకుతుంది. ఈ రెండింటి పొత్తుకు చెవి అలవాటు పడడానికి కొంత సమయం ఇవ్వాలి.

రెండవ దారి, పెద్ద బృందాల నుంచి వెళ్లిపోయిన వారినీ, తర్వాత వచ్చి చేరిన వారినీ గమనించడం. ఇంగ్లండు బృందం డీప్ పర్పుల్ అనగానే అందరికీ ఇయాన్ గిల్లన్ గుర్తుకు వస్తాడు గాని, ఆయనకు ముందు అక్కడ పాడిన రాడ్ ఎవాన్స్ ఆ తరువాత ఏమయ్యాడని అడిగేవారు తక్కువ. ఆ ప్రశ్నకు సమాధానమే కెప్టెన్ బియాండ్. ఐరన్ బటర్‌ఫ్లై అనే అమెరికా బృందం నుంచి వచ్చిన ఇద్దరు, గిటారిస్టు జానీ వింటర్ దగ్గర డ్రమ్స్ వాయించిన బాబీ కాల్డ్‌వెల్ ఆయనతో కలిశారు. అలాగే 1973లో డీప్ పర్పుల్‌లో చేరిన గ్లెన్ హ్యూస్ అంతకు ముందు ఎక్కడ ఉన్నాడని వెనక్కి వెళితే ట్రపీజ్ బృందం, 1970 నాటి వారి మెడూసా ఆల్బమ్ దొరుకుతాయి. ఒకే ప్రసిద్ధ బృందం ముందు వాకిలి నుంచి ఒకటి, వెనుక వాకిలి నుంచి ఒకటి!

మూడవ దారి దేశాన్ని మార్చడం. జపాన్‌కు చెందిన ఫ్లవర్ ట్రావెలిన్ బ్యాండ్ 1971లో ఐదు భాగాలుగా చేసిన సతోరి, ఆస్ట్రేలియా బృందం బఫలో 1973లో చేసిన వల్కానిక్ రాక్ వినకుండా ఈ దశాబ్దాన్ని ఇంగ్లండు, అమెరికాల కథగానే చెప్పుకోవడం న్యాయం కాదు.

పేరు దొరికాక సరైన ప్రతిని ఎంచుకోవాలి. తర్వాతి ఏళ్లలో మళ్లీ విడుదల చేసిన కొన్ని ప్రతులలో నెమ్మది ధ్వనులను కూడా పెంచి అన్నింటినీ ఒకే ఎత్తుకు తెచ్చారు, దానివల్ల డ్రమ్ము దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండవలసిన ఊపిరి పోయింది. రెండు మూడు ప్రతులు దొరికితే, తక్కువ బిగ్గరగా ఉన్నదాన్ని తీసుకుని మీరే ధ్వని పెంచుకోండి. చివర చేర్చిన అదనపు పాటలను మొదటిసారి వినవద్దు. ఆల్బమ్ ఎక్కడ ఆగాలో దాన్ని చేసినవారు ముందే నిర్ణయించుకున్నారు.

పాత టేపుల నుంచి, అరిగిన రికార్డుల నుంచి ఎక్కించిన ప్రతులలో వేగం తప్పడం కూడా ఉంటుంది. మా క్యాసెట్‌లో పాట అర కట్టె (కట్టె అంటే శ్రుతి ఎత్తును చెప్పే మన లెక్క) పైకి పోయి ఉందని శ్రుతి పెట్టె పక్కన పెట్టుకున్నాకే తెలిసింది. మామూలుగా శ్రుతి చేసిన గిటారులో అన్నింటికన్నా లావు తీగ మన లెక్కలో మూడు కట్టెలకు సరిపోతుంది. వాయిద్యం మూడుకూ నాలుగుకూ నడుమ వేలాడుతున్నట్టు వినిపిస్తే ముందుగా ప్రతి వేగాన్నే అనుమానించాలి. అయితే కావాలని శ్రుతి దించినవారూ ఉన్నారు. ఇనుప రేకుల కర్మాగారంలో రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్న బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయామీ తీగల బిగువు తగ్గించుకుని, 1971 నాటి మాస్టర్ ఆఫ్ రియాలిటీలో కొన్ని పాటలను ఒకటిన్నర కట్టె వరకు దించి వాయించాడు.

ఇక వినడం. రికార్డుకు రెండు ముఖాలు ఉంటాయి, ఒక్కో ముఖం సుమారు ఇరవై నిమిషాలు; పాటల వరుసను ఆ కొలతతోనే కూర్చారు. ఆమదాలవలసలో రైలెక్కితే విజయనగరం చేరేలోపు ఒక ఆల్బమ్ చక్కగా పూర్తవుతుంది. నేను మొదటి ముఖం అయ్యాక రెండు నిమిషాలు ఆపి, పొందూరు వైపు పొలాలు చూసి, తర్వాతే రెండవది మొదలుపెట్టేవాణ్ణి. దారిలో సిగ్నల్ పోతుంది కాబట్టి ముందు రోజే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

మొదటిసారి ఏ పనీ పెట్టుకోకుండా మొత్తం వినండి. రెండవసారి డ్రమ్స్‌ను మాత్రమే పట్టుకోండి. కెప్టెన్ బియాండ్ తొలి పాట మొదలయ్యే చోట చేతితో తాళం వేసి చూస్తే అది నాలుగులో ఇమడదు; ఖండ చాపులా ఐదు లెక్కకు వస్తుంది, ఆ ఐదు మీద గిటారు ఎక్కే క్షణం నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లలో మంద్ర ధ్వని (బేస్) ఒంటికి తగలదు కాబట్టి, ఈ రెండవ వినికిడికి గదిలో నేల మీద పెట్టిన స్పీకరు కావాలి. మన తప్పెటగుళ్లను దగ్గరగా నిలబడి చూసినవారికి, గుండెల మీద మోగే దరువు వినేవాడి గుండెకు కూడా ఎలా తగులుతుందో తెలుసు.

మూడవసారికి కూడా ఏమీ పట్టుకోకపోతే ఆ ఆల్బమ్‌ను ఒక సంవత్సరం పక్కన పెట్టండి. బ్రూక్లిన్ బృందం సర్ లార్డ్ బాల్టిమోర్ 1970లో చేసిన కింగ్‌డమ్ కమ్‌ను నేను అలాగే పక్కన పెట్టాను. డ్రమ్స్ వాయిస్తూ తానే పాడే జాన్ గార్నర్ తొందర నాకు అప్పట్లో గందరగోళంగా తోచింది. 1971లో క్రీమ్ అనే అమెరికా సంగీత పత్రిక సమీక్షకుడు ఈ ఆల్బమ్ గురించి రాస్తూనే హెవీ మెటల్ అనే మాట వాడాడని తెలిశాక మళ్లీ తీశాను. ఈసారి గొంతును వదిలి, ఒకదాని మీద ఒకటి పేర్చిన గిటార్లను లెక్కపెడుతూ విన్నాను. రెండవ ముఖం సగానికి వచ్చేసరికి నోటుపుస్తకం తీసి గార్నర్ పేరు కింద గీత గీశాను.