ప్రీమియర్‌లో ఎడిట్, రిజాల్వ్‌లో కలర్: టైమ్‌లైన్ చెదరకుండా పంపడం ఎలా

రెండేళ్ల క్రితం ఒక పెళ్లి వీడియో ప్రీమియర్ ప్రోలో ఎడిట్ చేసి, కలర్ కోసం, అంటే షాట్ల రంగులు సరిచేయడానికి, టైమ్‌లైన్‌ని (వరుసగా పేర్చిన ఎడిట్‌ని) హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడిలాంటి ఫ్రెండ్‌కి పంపాను. తను డావిన్చీ రిజాల్వ్‌లో చేస్తాడు. గంటలో ఫోన్ వచ్చింది, "అన్నా, జీలకర్రబెల్లం దగ్గర భోజనాల బంతి వస్తోందేంటి?" అని. నా సిస్టమ్‌లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి, తన దగ్గర మాత్రం చాలా షాట్లు తారుమారు. ఇద్దరం రాత్రంతా కూర్చుంటే తేలింది ఏంటంటే, రెండు కెమెరాలూ ఒకే మోడల్, రెండింటిలోనూ ఫైళ్ల పేర్లు సీ0001 నుంచే మొదలయ్యాయి, టైమ్‌కోడ్ (ఒక్కో ఫ్రేమ్‌కీ ఉండే గడియారం నంబర్) కూడా రెండింటిలోనూ సున్నా నుంచే ఉంది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, పేర్లు మార్చకుండా పంపింది నేను.

ముందు ఒక విషయం అర్థం చేసుకోవాలి. మనం పంపే ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో వీడియో ఉండదు. ఫలానా ఫోల్డర్లో ఫలానా పేరున్న ఫైల్, దాంట్లో ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ముక్క, టైమ్‌లైన్లో ఈ చోట పెట్టు అని రాసిన చీటీ అది. కావాలంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, ఫైల్ దారులన్నీ కనిపిస్తాయి. అవతలి సాఫ్ట్‌వేర్ ఆ చీటీ చదివి, తన దగ్గరున్న ఫైళ్లలో పేరూ టైమ్‌కోడూ కలిసేవాటిని వెతికి పెడుతుంది. ఒకే పేరు, ఒకే టైమ్‌కోడ్‌తో రెండు ఫైళ్లుంటే దానికి తేడా తెలిసే దారి లేదు. అందుకే అసలు పని ఎడిట్ మొదలుపెట్టక ముందే ఉంటుంది.

కార్డు నుంచి కాపీ చేసేటప్పుడు క్లిప్పుల్ని మాత్రమే లాక్కోకుండా మొత్తం కార్డుని ఉన్నది ఉన్నట్టు ఒక ఫోల్డర్లో పెట్టండి. సోనీ కార్డుల్లో ప్రైవేట్ అనే ఫోల్డర్ కింద ఎం4రూట్, దాని లోపల క్లిప్ అని ఉంటుంది, ఎంపీ4 పక్కనే చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైల్ కూడా ఉంటుంది, అందులో ఆ క్లిప్ వివరాలుంటాయి. ఈ కాపీని అసలు ముట్టుకోవద్దు. ఇంకో కాపీలో పేర్లు మార్చండి: తేదీ, కెమెరా అక్షరం, కార్డు నంబర్, తర్వాత పాత పేరు. కొన్ని కొత్త కెమెరాల్లో పేరు ముందు మనకి నచ్చిన అక్షరాలు వచ్చేలా పెట్టుకునే సెట్టింగే ఉంది, షూటింగ్‌కి ముందు ఒక్క నిమిషం పని. ఎడిట్ మొదలయ్యాక మాత్రం పేర్లు మార్చొద్దు. ఫోల్డర్ల పేర్లు కూడా ఇంగ్లీష్ అక్షరాల్లో, స్పెషల్ గుర్తులు లేకుండా పెట్టుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు. విండోస్ నుంచి మ్యాక్‌కి వెళ్లే హార్డ్ డిస్క్ అయితే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి, ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు.

తర్వాత ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములన్నది. కెమెరాలన్నీ 25లో తీసి, బంధువులెవరో ఫోన్‌లో తీసిన వీడియో మధ్యలో కలిపితే అక్కడే చిక్కు మొదలవుతుంది. ఫోన్లు వెలుతురుని బట్టి, వేడిని బట్టి ఫ్రేమ్ రేట్‌ని కాస్త అటూ ఇటూ మారుస్తుంటాయి, దాంతో ఒక్కో సాఫ్ట్‌వేర్ ఆ ఫైల్‌ని ఒక్కోలా లెక్కపెట్టి, మాట ఒక చోట పెదవులు ఒక చోట అవుతాయి. అలాంటి ఫైళ్లని ఎడిట్‌కి ముందే షటర్ ఎన్‌కోడర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్థిరమైన ఫ్రేమ్ రేట్‌కి మార్చుకోండి. 23.976కీ 24కీ తేడా ఏముందిలే అనుకోవద్దు, గంట వీడియోలో 3.6 సెకన్లు జారిపోతుంది. రిజాల్వ్‌లో ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ ఫుటేజ్ లోపలికి వచ్చాక మారదు కాబట్టి, ఖాళీ ప్రాజెక్ట్‌లోనే సెట్ చేసి మొదలుపెట్టాలి.

కోడెక్ (వీడియోని కుదించి దాచే పద్ధతి) సంగతికొస్తే, రంగు వివరం ఎక్కువుండే 10 బిట్ 4:2:2 హెచ్.265 ఫుటేజ్ అవతలి సిస్టమ్‌లో తెరుచుకుంటుందో లేదో ముందే ఒక క్లిప్ పంపి అడగండి. లినక్స్‌లో ఉచిత రిజాల్వ్ అయితే హెచ్.264, హెచ్.265 రెండూ తెరవదు. తెరుచుకోకపోతే సైజు పెద్దదైనా ఎడిట్‌కి తేలికగా ఉండే ప్రోరెస్‌కో డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌కో మార్చాలి. డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌లో 10 బిట్ నిలవాలంటే హెచ్‌క్యూఎక్స్ ఎంచుకోండి, ఉత్త హెచ్‌క్యూ 8 బిట్టే. కానీ మొత్తం ఫుటేజ్‌ని మార్చకండి. 4కే, 25 ఫ్రేములు, ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అంటే గంటకి సుమారు 330 జీబీ. మొండికేసే ఫైళ్లనే మార్చండి, పేరు, టైమ్‌కోడ్ మాత్రం పాతవే ఉండాలి.

ఇక ప్రీమియర్‌లో. సీక్వెన్స్‌కి (ప్రీమియర్ టైమ్‌లైన్‌ని అలాగే అంటుంది) డూప్లికేట్ తీసి దాన్ని శుభ్రం చేయండి. మల్టీక్యామ్ (చాలా కెమెరాలు కలిపిన క్లిప్) ఉంటే రైట్ క్లిక్ చేసి ఫ్లాటెన్ చేయాలి, అప్పుడు ఎంచుకున్న కెమెరా షాట్ ఒక్కటే మిగులుతుంది. నెస్ట్‌లు (సీక్వెన్స్ లోపల పెట్టిన ఇంకో సీక్వెన్స్‌లు) విప్పేయాలి. లుమెట్రీ కలర్ (ప్రీమియర్ కలర్ ఎఫెక్ట్), వార్ప్ స్టెబిలైజర్ (షాట్ వణుకు తగ్గించేది), బయటి ప్లగిన్లు ఏవీ అటు పోవు, కాబట్టి తీసేయండి. స్టెబిలైజ్ చేసిన షాట్ తప్పనిసరైతే దాన్ని ప్రోరెస్‌లో రెండర్ చేసి ఆ చోటే పెట్టండి. కట్‌లు, మామూలు డిజాల్వ్‌లు, పొజిషన్, స్కేల్, ఒకే వేగంతో ఉన్న స్లో మోషన్ సాధారణంగా బాగానే వెళ్తాయి, వేగం మధ్యలో మారే ర్యాంపులే నమ్మకం లేనివి. క్లిప్ సైజ్ సరిచేయడానికి స్కేల్ టు ఫ్రేమ్ సైజ్ వాడి ఉంటే దాన్ని సెట్ టు ఫ్రేమ్ సైజ్‌కి మార్చండి, లేకపోతే అటుపక్క సగం షాట్లు జూమ్ అయిపోయి కనిపిస్తాయి. వీడియో అంతా వీలైనంత తక్కువ ట్రాకుల్లోకి దించండి.

అప్పుడు ఫైల్, ఎక్స్‌పోర్ట్, ఫైనల్ కట్ ప్రో ఎక్స్‌ఎంఎల్. దాంతోపాటు అదే టైమ్‌లైన్‌ని టైమ్‌కోడ్ కనబడేలా చిన్న సైజులో ఒక వీడియోగా తీసి పంపండి, ఇది మాత్రం ఎప్పుడూ వదలొద్దు. రిజాల్వ్‌లో ఫుటేజ్‌ని ముందు మీడియా పూల్‌లోకి తెచ్చి, ఫైల్, ఇంపోర్ట్, టైమ్‌లైన్ నుంచి ఎక్స్‌ఎంఎల్ తెరవాలి. కోడెక్ మార్చిన ఫైళ్లుంటే, ఎక్స్‌టెన్షన్‌ని పట్టించుకోవద్దనే ఆప్షన్ ఆ బాక్స్‌లోనే ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. మనం పంపిన చిన్న వీడియోని అన్నిటికన్నా పై ట్రాక్‌లో పెట్టి కాంపోజిట్ మోడ్‌ని డిఫరెన్స్‌కి మారిస్తే, కలిసిన షాట్లన్నీ దాదాపు నల్లగా అయిపోతాయి, కలవనివి వెలుగుతాయి. ఆ రోజు ఈ పని చేసి ఉంటే భోజనాల బంతి ఐదు నిమిషాల్లో దొరికేది.

తెలుగు టైటిల్స్ విషయంలో ప్రత్యేకంగా చెప్పాలి. పాత నాన్ యూనికోడ్ ఫాంట్లలో టైప్ చేసినవి ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో పిచ్చి గీతలైపోతాయి. యూనికోడ్‌లో రాసినా ప్రీమియర్‌లో ఒత్తులు విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్‌కి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్‌కి మార్చండి. ఎలాగైనా టైటిల్స్‌ని ఎక్స్‌ఎంఎల్‌లో పంపకండి. పెళ్లికూతురి పేరులో ఒత్తు పోతే ఆ ఇంట్లో వాళ్లకి ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు. టైటిల్స్ ప్రీమియర్‌లోనే ఉంచి, కలర్ అయ్యి వచ్చాక పైన వేసుకోండి.

వేరే సాఫ్ట్‌వేర్‌లకి క్లుప్తంగా: ఫైనల్ కట్ ప్రో ఇప్పుడు ఇచ్చేది ఎఫ్‌సీపీఎక్స్‌ఎంఎల్ అనే వేరే రకం ఎక్స్‌ఎంఎల్, అది ప్రీమియర్ నేరుగా చదవదు, రిజాల్వ్‌లో తెరిచి అక్కడి నుంచి పాత రకం ఎక్స్‌ఎంఎల్ తీయొచ్చు. అవిడ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కీ, సౌండ్ కోసం ప్రో టూల్స్‌కీ ఎక్స్‌ఎంఎల్ బదులు ఏఏఎఫ్ అనే రకం ఫైల్ పంపాలి. ఈడీఎల్ అంటే ఒక్క వీడియో ట్రాక్ ఉన్న కట్‌ల జాబితా అంతే.

టైమ్ అస్సలు లేకపోతే, కలర్ ఎఫెక్ట్‌లు తీసేసి మొత్తం వీడియోని ఒకే ప్రోరెస్ ఫైల్‌గా తీసి, ఈడీఎల్ జత చేసి పంపండి. రిజాల్వ్ ఆ జాబితా చూసి ఫైల్‌ని షాట్లుగా కోసుకుంటుంది. డిజాల్వ్‌లున్న చోట కలర్ కాస్త ఇబ్బంది పెడుతుంది, షాట్ ఇటూ అటూ జరపడం కుదరదు, కానీ తప్పు షాట్ వచ్చే భయం ఉండదు. కట్ ఖాయమైపోయిన పెళ్లి పాటలకి నేనిప్పుడు ఎక్కువగా ఇదే చేస్తున్నా. కలర్ చేసేవాళ్లు తిరిగి పంపేటప్పుడు మాత్రం ఒక్కో షాట్ రెండు చివర్లలో 12 ఫ్రేములు ఎక్కువ (వీటినే హ్యాండిల్స్ అంటారు) కావాలంటే ఎక్స్‌ఎంఎల్ దారిలోనే రావాలి, డెలివర్ పేజీలో ప్రీమియర్ ఎక్స్‌ఎంఎల్ ప్రీసెట్ ఎంచుకుని హ్యాండిల్స్ దగ్గర 12 అని పెట్టమని ముందే చెప్పండి.