వానలకు ముందు ఇంట్లో డిస్క్ బ్రేక్ కాలిపర్ విప్పేవాళ్లకు జాగ్రత్తలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలుండగానే, అంటే జూన్ 7, 8 తేదీల్లో మృగశిర రాకముందే, ఒక ఆదివారం పొద్దున మోటార్‌సైకిల్ డిస్క్ బ్రేక్ సంగతి చూసుకోవడం మంచిది. మాది నల్లరేగడి నేల. దమ్ము చేసి రోడ్డెక్కిన ట్రాక్టర్ వెనకాల ఒక్క కిలోమీటరు వెళ్తే చాలు, ముందు కాలిపర్, అంటే డిస్కును ప్యాడ్లతో రెండువైపులా పట్టి ఆపే భాగం, నిండా బురద ముద్దే. అది ఎండిపోయిందంటే సిమెంటుతో సమానం. సముద్రం ఒడ్డున ఊళ్లవాళ్లకు ఈ బురద లేకపోయినా ఉప్పుగాలి ఉంది. అది కాలిపర్ జారే పిన్నులను లోపల్లోపలే తుప్పు పట్టిస్తుంది.

ఇంట్లో చెయ్యదగిన పని ఏదో ముందే తేల్చుకుందాం. కాలిపర్ విప్పి పైపైన కడగడం, ప్యాడ్లు చూడడం, అది జారే పిన్నులకు గ్రీజు పెట్టడం, మళ్లీ బిగించడం. అంతే. బ్రేక్ గొట్టం ఊడదీయడం, ప్యాడ్‌ను డిస్కు మీదికి నెట్టే పిస్టన్‌ను పూర్తిగా బయటికి లాగి లోపలి రబ్బరు రింగులు మార్చడం మెకానిక్ పని. గొట్టం విప్పితే గాలి చేరుతుంది, రాగి వాషర్లు కొత్తవి వెయ్యాలి, ఆపైన ఎయిర్ తియ్యాలి. ఏబీఎస్ (బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కొన్ని బళ్లలో ఆ ఎయిర్ తియ్యడానికి కంప్యూటర్ తగిలించాల్సి వస్తుంది. మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి మీ బండికీ ఉండే అవకాశం ఎక్కువే. చక్రం దగ్గరికి వచ్చే సన్నటి సెన్సర్ వైరును లాగకండి, మడతపెట్టకండి.

అసలు కడగాల్సిన అవసరం ఎందుకొస్తుంది? లివర్ వదలగానే పిస్టన్‌ను వెనక్కి లాగడానికి లోపల స్ప్రింగేమీ ఉండదు. పిస్టన్ చుట్టూ ఉన్న చదరపు అంచు రబ్బరు రింగే ఆ పని చేస్తుంది. బ్రేక్ పట్టినప్పుడు ఆ రింగు కొద్దిగా వంగుతుంది, వదిలితే మళ్లీ నిటారుగా నిలబడుతూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. పిస్టన్ మీద మట్టి, తుప్పు పేరుకుంటే ఆ కాస్త కదలిక కూడా ఉండదు. ప్యాడ్ డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. మైలేజీ పడిపోయిందని పెట్రోల్ బంకును తిట్టుకునే ముందు ఒకసారి మెయిన్ స్టాండ్ వేసి చక్రం తిప్పి చూడండి. విప్పాక రెండు ప్యాడ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. పిస్టన్ వైపుది బాగా అరిగి, రెండోది కొత్తదానిలా ఉంటే కాలిపర్ జారే పిన్నులు పట్టేశాయన్నమాట.

బండి తిరిగొచ్చిన వెంటనే మొదలుపెట్టకండి. డిస్కు ముట్టుకుంటే వేలు కాలుతుంది, అది చల్లారాలి. చదును నేల మీద నిలబెట్టి చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టండి. కాలిపర్ విప్పడానికి ముందు చక్రం గాల్లోకి లేపనక్కర్లేదు. ఎలెన్ బోల్టుల (తలలో ఆరుపలకల గుంట ఉండేవి) తలల్లో ఇరుక్కున్న మట్టిని గుండుసూదితో తీశాకే కీ పెట్టండి. సగం దిగిన కీతో తిప్పితే తల గుండ్రంగా అరిగిపోతుంది, ఆ తర్వాత అది ఎవరి మాటా వినదు. ప్యాడ్లు పట్టి ఉంచే పిన్నును కాలిపర్ బండి మీద ఉండగానే కాస్త వదులు చేసుకోండి, విప్పాక చేతిలో పట్టుకుని తిప్పడం నరకం. విప్పే ముందు, విప్పుతున్నప్పుడు ఫోన్లో ఫోటోలు తీసుకోండి. ఆ చిన్న రేకు స్ప్రింగు ఏ వైపు ఉండేదో గంట తర్వాత గుర్తుండదు, నమ్మండి.

ఊడి వచ్చిన కాలిపర్‌ను గొట్టానికి వేలాడనివ్వకూడదు. హ్యాండిల్‌కో ఫోర్కుకో తీగతో కట్టండి. అప్పటి నుంచి ఎవరూ లివర్ నొక్కకుండా చూసుకోండి. మాది పిల్లలున్న ఇల్లు, బండి కనబడితే చాలు ఎక్కి బ్రేకు నొక్కేస్తారు. డిస్కు లేనప్పుడు నొక్కితే పిస్టన్ బయటికి దూకేస్తుంది, ఆయిలంతా నేలపాలు. పిస్టన్లకు ఎదురుగా చిన్న చెక్కముక్క ఇరికించి ఉంచితే టెన్షన్ ఉండదు.

ఇక కడగడం. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పెట్రోలు, డీజిల్, కిరోసిన్, డబ్ల్యూడీ-40, వీటిలో ఏదీ కాలిపర్ దరిదాపులకు రాకూడదు. బ్రేకులోని రబ్బరు ఈ నూనెలు తగిలితే ఉబ్బిపోతుంది. కడిగిన రోజు తళతళా మెరుస్తుంది, కొన్నాళ్లకు పిస్టన్ పట్టేస్తుంది. గోరువెచ్చని సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు. జిడ్డు మొండిగా ఉంటే బ్రేక్ క్లీనర్ స్ప్రే వాడండి, కానీ ఆరుబయట, నిప్పుకు దూరంగా, కళ్లద్దాలు పెట్టుకుని. నోటితో ఉఫ్ఫని ఊదడం, పంక్చర్ షాపులో గాలి కొట్టించడం వద్దు. ఆ నల్లటి పొడి ప్యాడ్లు అరిగి రాలింది, చవక ప్యాడ్లలో ఏం కలిపారో మనకు తెలియదు. మాస్కు పెట్టుకుని, ముందు నీళ్లతో తడిపి, ఆ తర్వాతే బ్రష్ పెట్టండి.

పిస్టన్‌ను లోపలికి నెట్టే ముందు దాని చుట్టుగోడ శుభ్రంగా ఉండాలి. మట్టితోనే లోపలికి తోస్తే ఆ ఇసుక రేణువులు రబ్బరు రింగును గీసేస్తాయి. అక్కడి నుంచి ఆయిల్ ఊరడం మొదలు. నెట్టడానికి స్క్రూడ్రైవర్‌తో ఎత్తిపట్టకండి. రెండు బొటనవేళ్లతో, కాకపోతే పాత ప్యాడ్ అడ్డం పెట్టి క్లాంపుతో నిదానంగా, వంకర పోకుండా నెట్టండి. మొరాయిస్తే మాత్రం ఆగిపోండి, అది మెకానిక్ చూడాల్సిన కాలిపర్.

పిస్టన్ లోపలికి వెళ్తుంటే పైన హ్యాండిల్ దగ్గర డబ్బాలో ఆయిల్ మట్టం పెరుగుతుంది. అందుకని మూత చుట్టూ తుడిచి, మూత తీసి, కింద ట్యాంకు మీద తడిగుడ్డ కప్పండి. పొంగేలా ఉంటే సిరంజితో కొంచెం తియ్యండి. ఒక్క చుక్క పెయింటు మీద పడినా రంగు లేచిపోతుంది. పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్లు పొయ్యండి.

మనం బ్రేక్ ఆయిల్ అంటున్నాం కానీ అది నూనె కాదు. ఆ పేరే ముంచుతోంది. ఆయిలే కదా అని ఇంట్లో మిగిలిన ఇంజన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బర్లన్నీ పాడైపోతాయి. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పొయ్యాలి. డాట్ 5 పేరుతో దొరికేది సిలికాన్ రకం, వీటితో కలపకూడదు. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దగ్గర మరుగుతుంది, తేమ పట్టాక ఆ కనీసం 155కి దిగుతుంది. ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు ఈ తేడా ఏమిటో తెలుస్తుంది, లోపల ఆవిరి బుడగలు పుట్టి లివర్ మెత్తగా లోపలికి వెళ్లిపోతుంది. అందుకే మూత ఎక్కువసేపు తెరిచి ఉంచకండి, పోయినేడు తెరిచిన సీసా వాడకండి.

పిన్నులకు బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజే పూయాలి. చైనుకో బేరింగుకో పెట్టేది వద్దు, మళ్లీ అదే రబ్బరు గొడవ. పల్చగా పూయండి. రంధ్రం నిండా కూరితే లోపల గాలి బిగుసుకుని పిన్ను వెనక్కి తన్నుతుంది. పిన్ను మీది రబ్బరు బూటు (తొడుగు) అంచు దాని గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి.

ప్యాడ్ల మసాలా (డిస్కును రాసుకునే పొర) ఒక మిల్లీమీటరుకు దగ్గరపడినా, మధ్యలోని గాడి కనబడకపోయినా మార్చెయ్యండి. గ్రీజు అంటిన ప్యాడ్‌ను ఉప్పుకాగితంతో రుద్ది బాగుచేద్దాం అనుకోకండి, అది స్పంజిలా పీల్చేసి ఉంటుంది. డిస్కు మందం ఎంతకంటే తగ్గకూడదో చాలా బళ్లకు డిస్కు మీదే చెక్కి ఉంటుంది. ప్యాడ్‌ను తిరగేసి, రేకు వైపు డిస్కుకు ఆనేలా బిగించినవాళ్లూ ఉన్నారు. నవ్వకండి, మొదటిసారి చేతులు కంగారుపడతాయి.

బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి ఎక్కించాలి, పానా తర్వాత. కింద అల్యూమినియం, ఒక్కసారి మర తినేసిందంటే కోలుకోదు. కాలిపర్ బోల్టుల బిగింపు చాలా బళ్లకు 25 నుంచి 35 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి అంకె మాన్యువల్లో చూసి టార్క్ రెంచ్‌తో (బిగింపు ఎంతో కొలిచే పానా) బిగించండి. రెంచ్ లేకపోతే బిగింపు వరకైనా షాపులో చేయించండి. పానాకు పైపు తొడిగి కాలితో తొక్కేవాళ్లను నేను చూశాను.

అంతా అయిపోయింది, చేతులు కడుక్కున్నాం. ప్రమాదమంతా ఇప్పుడుంది. పిస్టన్లు లోపలికి వెళ్లి ఉన్నాయి కాబట్టి మొదటిసారి లివర్ నొక్కితే గాలిని నొక్కినట్టే ఉంటుంది, బ్రేకు పడదు. నేను మొదటిసారి చేసినప్పుడు ఈ సంగతి మరిచిపోయి, బండెక్కి ఇంటి ముందున్న ర్యాంపు మీద నుంచి దిగాను. లివర్ హ్యాండిల్‌కు తగిలింది కానీ బండి ఆగలేదు. ఎదురింటి అరుగు ఆపింది. అరుగు కాకుండా ఎవరి పిల్లాడో ఉండి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వస్తుంది. కాబట్టి బండి కదలకముందే, నిలబడే, లివర్ గట్టిపడేదాకా పదీ పదిహేను సార్లు నొక్కండి. వెనక బ్రేకు విప్పితే పెడల్‌కూ ఇదే మాట. తర్వాత డబ్బాలో మట్టం చూసుకుని మూత బిగించండి. బండిని తోసుకుంటూ బ్రేకు పట్టి చూడండి, ఆపైన ఖాళీ వీధిలో 20 కిలోమీటర్ల వేగంలో. కొత్త ప్యాడ్లయితే మొదటి కొన్ని రోజులు సడన్ బ్రేకు ఆశించకండి. మర్నాడు బోల్టులు ఒకసారి చూసుకోండి.

లివర్ ఎంత నొక్కినా స్పంజిలా ఉన్నా, గట్టిగా పట్టుకుంటే మెల్లగా లోపలికి దిగిపోతున్నా, పిస్టన్ దగ్గర తడి కనబడినా, బండి కదిలాక కూడా ఏబీఎస్ లైటు ఆరకపోయినా బండి తియ్యకండి. వెనక బ్రేకుంది కదా అని మెకానిక్ దాకా తోలుకెళ్లకండి. ఆటో ట్రాలీకి అయ్యే డబ్బులు ఎక్కువేమీ కాదు.

ఇంత కష్టపడ్డాక, వానల్లో బురద వదిలించుకోడానికి వాటర్ సర్వీసింగ్‌కు వెళ్తాం. అక్కడ గ్రీజు పోవడానికని ముందు డీజిల్ కొడతారు, చివర్లో మెరుపు కోసం ఇంకేదో నూనె చల్లుతారు. రెండూ డిస్కు మీద పడేవే. బండి దింపగానే, “అన్నా, డిస్కుల వైపు డీజిల్ వద్దు, కాలిపర్ రబ్బర్ల మీద ప్రెషర్ దగ్గరగా పెట్టకు” అని చెప్పి, కడగడం అయ్యేదాకా పక్కనే నిలబడండి.