పలాసలో జీడి కట్టర్ పెడల్ విరగకుండా ఎలా చేశానంటే

పలాసలో జీడిపిక్కలు కోసే కాలు మిషన్‌కి కొత్త పెడల్ డిజైన్ చేశాను. కంప్యూటర్ సిమ్యులేషన్‌లో లోహంపై ఒత్తిడి 90 మెగాపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే యూనిట్) దాటలేదు. మైల్డ్ స్టీల్ సుమారు 250 వరకు ఓర్చుకుంటుంది. ఆ ధీమాతో నమూనా చేసి చూడకుండానే ఆరు మిషన్లకు బిగించేశాం.

మూడు వారాలకే వెల్డింగ్ పక్కన వెంట్రుకంత పగులు. పిక్కలు కోసే అక్క వేలు పెట్టి చూపించింది: "బాబూ, తొక్కినప్పుడల్లా ఇక్కడ టిక్కుమంటోంది."

నేను లెక్కేసింది ఒక్కసారి పడే బరువు. ఆమె రోజుకు వేలసార్లు తొక్కుతుంది; అలా పదేపదే పడితే తక్కువ ఒత్తిడికే లోహం పగలొచ్చు. పైగా సాఫ్ట్‌వేర్ వెల్డింగ్‌ని లోపం లేని ఒకే ముక్కగా చూసింది.

పదునైన మూలను 10 మి.మీ. గుండ్రం చేసి, వెల్డింగ్‌ను దూరం జరిపాను. ఏ కొలత మేలో సిమ్యులేషన్‌లోనే ఒక పూటలో తేలింది. ఈసారి ఒక్కటే చేయించి, అక్క మిషన్‌కే నెల రోజులు ఉంచాం. పగులు రాలేదు. తర్వాతే మిగతా ఐదూ మార్చాం.